జవాబును సరిచూచుకొనిన మహనీయుడు: లెయొన్‌హార్డ్ ఆయిలరు

లెక్కల తరగతిలో ఏటేట మేము చూచుచున్న దృశ్య మొకటి కలదు. విద్యార్థి లెక్క చేయును. జవాబు వచ్చిన తోడనే పుస్తకము కడపటి పుటలు త్రిప్పి, అచ్చట ముద్రింపబడిన జవాబుతో తన జవాబును పోల్చుకొనును. రెండును కలిసినచో ముఖము వికసించును. కలియనిచో చూపు మెల్లగా ప్రక్కవాని పుస్తకము వైపు పోవును. దీనిని మేము పెద్ద తప్పుగా నెంచుట లేదు. మేమును బాల్యమున నట్లే చేసితిమి. కాని విద్యార్థులారా, కడపటి పుటలలో జవాబు లేని లెక్క యెదురైనచో నేమి చేయుదుము? లోకమున నెవ్వరును పూర్వము చేయని లెక్కను చేసినవాడు తన జవాబు నిజమో కాదో యెవరి నడుగవలయును? ఈ ప్రశ్నకు తన జీవితమే యుత్తరముగా నిలిపిన యొక గణితవేత్త చరిత్రను ఈ సంవత్సరము మన పత్రికయందు చెప్పదలచితిమి. ఆయన పేరు లెయొన్‌హార్డ్ ఆయిలరు.

ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెలు నగరమున జన్మించెను. తండ్రి పాల్ ఆయిలరు సంస్కృత క్రైస్తవ సంఘమునకు చెందిన పాదిరి. తల్లి మార్గరెట్ బ్రుకరు కూడ పాదిరి కుమార్తెయే. బిడ్డ పుట్టిన కొలది కాలమునకే కుటుంబము బాజెలు చెంత నున్న రీహెన్ గ్రామమునకు తరలిపోయెను. తండ్రి బోధకుడే యైనను గణితమన్న ప్రీతి గలవాడు. విద్యార్థి దశలో యాకబ్ బెర్నూలీ యను ప్రసిద్ధ గణితాచార్యుని యుపన్యాసములు వినియుండెను. కావున కుమారునికి తొలి లెక్కలు తండ్రియే నేర్పెను. తరువాత బాలుని బాజెలు పట్టణమునకు పంపిరి. అచ్చట మాతామహి యింట నుండి పాఠశాలకు పోవుచుండెను. ఆ పాఠశాలలో గణితమే బోధింపబడలేదనుట మన విద్యార్థులకు వింతగా తోచవచ్చును. లాటిను మొదలగు భాషలు మాత్రమే యచ్చట ముఖ్యములు. ఆ కొరత ఇంటియొద్ద చెప్పించుకొనిన పాఠములచేతను, స్వయంకృషిచేతను తీరవలసి వచ్చెను.

పదుమూడేండ్ల ప్రాయమున, 1720లో, ఆయిలరు బాజెలు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. యాకబ్ తమ్ముడగు యోహాన్ బెర్నూలీ అప్పుడచ్చట గణితాచార్యుడు. ఐరోపా ఖండమున నాటి గణితజ్ఞులలో నగ్రగణ్యుడు. ఆయిలరు తనకు ప్రత్యేక పాఠములు చెప్పుమని వేడుకొనగా, తీరిక లేని యాచార్యు డంగీకరింపలేదు. అయినను బాలుని నిరాశపఱచలేదు. కఠిన గ్రంథములను తనంతట తానే చదువుమనియు, అర్థము కాని తావులను గుర్తుంచుకొని శనివారము మధ్యాహ్నమున వచ్చి యడుగుమనియు సెలవిచ్చెను. ఆయిలరు వారమంతయు చదివి, శనివారమునాడు వీలైనంత తక్కువ ప్రశ్నలతో గురువు నొద్దకు పోవలయునని ప్రయత్నించుచుండెను. ఒక ప్రశ్నకు సమాధానము దొరకగనే దాని వెనుక నున్న మఱి పది ప్రశ్నలు తమంతట తామే విడిపోవుచుండెనట. తన సందేహమును ముందు తానే తీర్చుకొన యత్నించి, సాధ్యము కానిదానిని మాత్రమే గురువు కడకు తెచ్చుట ఆ శనివారములలో ఆయన కలవడిన గుణము. అది కడవఱకును ఆయనను విడువలేదు.

తండ్రి కోరిక వేఱుగ నుండెను. కుమారుడును తనవలె బోధకుడు కావలయునని ఆయన యాశించెను. ఆయిలరు 1723లో న్యూటను, డేకార్టుల తత్త్వములను పోల్చుచు ప్రసంగించి యమ్.ఏ. పట్టమును పొంది, తండ్రి మాటపై వేదాంత విద్యకు చేరెను. తండ్రి యాజ్ఞయం దెట్టి యగౌరవమును చూపలేదు. దేవునియందలి విశ్వాసమును జీవితాంతమును విడువలేదు. కాని మనస్సు మాత్రము గణితముననే నిలిచెను. తుదకు యోహాన్ బెర్నూలీయే పాల్ ఆయిలరును కలిసికొని, ఈ బాలుడు గణితమున మహాపురుషుడు కాగలడని నచ్చజెప్పవలసి వచ్చెను. తండ్రి సమ్మతించెను. తల్లిదండ్రులగు చదువరులు ఈ ఘట్టమును గమనింతురు గాక. ఆ పాదిరి తన కోరికను కొంత విడుచుకొనకపోయినచో లోకము ఒక గణితవేత్తను పోగొట్టుకొనియుండెడిది.

ఇరువదవ యేట ఆయిలరు బాజెలు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్య పదవికి దరఖాస్తు పెట్టుకొనెను, అది లభింపలేదు. స్వదేశమున స్థానము దొరకనందున, రష్యా దేశమందలి సెయింట్ పీటర్సుబర్గు నగరమున నూతనముగ స్థాపింపబడిన విజ్ఞాన పరిషత్తు నుండి వచ్చిన పిలుపు నంగీకరించెను. యోహాన్ కుమారుడును ఆయిలరునకు మిత్రుడును నగు డేనియల్ బెర్నూలీ యప్పటికే యచ్చట నుండెను. 1727 మే నెల 17వ తేదీన ఆయిలరు ఆ నగరమున కాలు మోపెను. అదే దినమున పరిషత్తునకు పోషకురాలగు మహారాణి మొదటి కాథరైను మరణించెను. పరదేశమున నీ యువకుని యారంభ మిట్టిది! అయినను ఆయన వెనుదిరుగలేదు. 1731లో భౌతికశాస్త్రాచార్యుడై, 1733లో డేనియల్ స్వదేశమునకు మరలిపోగా గణితాచార్యుడయ్యెను. 1734 జనవరిలో చిత్రకారుడగు గెయోర్గ్ జెల్ కుమార్తె కాథరీనాను వివాహమాడెను. వారికి పదుమువ్వురు బిడ్డలు కలిగిరి గాని, బాల్యము దాటి బ్రతికినవారు ఐదుగురు మాత్రమే. ఒడిలో బిడ్డయు, చుట్టును ఆడుకొను పిల్లలును ఉండగనే ఆయన గణితము వ్రాయుచుండెనని చెప్పుదురు.

ఆయన పద్ధతి యెట్టిదో తెలుపు ఒక్క యుదాహరణము చాలును. 1 నుండి క్రమముగ నన్ని సంఖ్యల వర్గములను తీసికొని, ఒక్కొక్క వర్గముచే 1ని భాగించి, ఆ భిన్నముల నన్నిటిని కూడినచో నేమి వచ్చును? ఒకటి, నాలుగవ వంతు, తొమ్మిదవ వంతు, పదునాఱవ వంతు, ఇట్లు అంతము లేని వరుస. బెర్నూలీ సోదరులును దీని మొత్తమును కనుగొనలేక విడిచిరి. ఆయిలరు ముందుగా శ్రమపడి దాని విలువను దశాంశములలో లెక్కించి 1.644934 అని తెలిసికొనియుండెను. పిమ్మట 1735లో ఆ మొత్తము పై యను సంఖ్య వర్గములో ఆఱవ వంతని సాహసోపేతమైన యుపాయముచే కనుగొనెను. ఆ యుపాయమున ఇంకను పూరింపవలసిన సందులుండెను. కాని పై వర్గమును ఆఱుచే భాగించి చూడగా, తాను మునుపు లెక్కించి యుంచిన అంకెలే వరుసగా వచ్చెను. పుస్తకము వెనుక జవాబు లేని లెక్కకు ఆయన తానే యొక సాక్షిని సిద్ధము చేసికొనియుండెనన్న మాట. ఉపాయము నందలి సందులను తరువాతి సంవత్సరములలో ఆయనయే పూరించెను.

ఇక మన ముఖ్య విషయమునకు వత్తము. ఆయిలరు కృషిలో పెద్ద భాగము అవకలన సమీకరణములను గూర్చినది. పేరు విని చిన్నవారు భయపడ నక్కఱలేదు. ఒక రాశి యెంతయో చెప్పక, అది యెట్లు మారుచున్నదో మాత్రమే చెప్పు సమీకరణమునకు అవకలన సమీకరణమని పేరు. మార్పును బట్టి రాశిని కనుగొనుటయే అందలి లెక్క. ఒక తొట్టిలోనికి గంటకు మూడు బిందెల చొప్పున నీరు పడుచున్నదనుకొందము. ఇది మార్పును తెలుపు నియమము. ఎన్ని గంటలకు ఎన్ని బిందెలుండునో తెలుపు సూత్రమును, అనగా ప్రమేయమును, మనము కనుగొనవలయును.

ఇచ్చట మా తప్పిదము నొకదానిని దాచక చెప్పుదుము. కొన్ని యేండ్ల క్రిందట పై తరగతిలో నీ తొట్టి లెక్కనే నల్లబల్లపై వ్రాసి, మొదట తొట్టిలో పది బిందెల నీరున్నదని కూడ చెప్పి, గంటల సంఖ్యను మూడుచే గుణించినచో జవాబు వచ్చునని మేము వ్రాసితిమి. సరిచూచుటయు నేర్పవలయును గదా యని, గంటకు మూడు బిందెల చొప్పుననే పెరుగుచున్నది గనుక జవాబు సరియైనదని గర్వముగ నుడివితిమి. అప్పుడు వెనుక బల్లపై నుండు నొక బాలుడు, మాటాడుటకే జంకువాడు, లేచి నిలిచి, మొదట తొట్టిలో నున్న పది బిందెలు ఏమైపోయినవని వినయముగ నడిగెను. తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి గాని లోలోపల సిగ్గుపడితిమి. మా సూత్రము మార్పు నియమమునకు సరిపోయినది. మొదటి స్థితికి సరిపోలేదు. మూడుచే గుణించి వచ్చినదానికి పది కలిపినప్పుడే రెండును సరిపోవును. ఈ మొదటి స్థితిని తెలుపు నియమమునకే ఆదినియమమని పేరు. సమీకరణ మొక సాక్షి, ఆదినియమము మఱియొక సాక్షి. ఇద్దఱు సాక్షులును ఒప్పుకొనినగాని జవాబు నిలువదు. ఈ పాఠమును ఆనాడు గురువునకు శిష్యుడు నేర్పెను.

ఆయిలరు ఈ రెండు సాక్షులను ఎట్లు విచారించెనో చూతము. 1739లో ఆయన యొక గొప్ప యుపాయమును కనిపెట్టెను. ఒక రాశియు, దాని వేగమును, ఆ వేగముయొక్క వేగమును స్థిరసంఖ్యలచే గుణింపబడి కలిసియున్న సమీకరణము లనేకము ప్రకృతిలో నెదురగును. అట్టి సమీకరణమునకు జవాబు ఘాతరూపమున నుండునని ఆయన ముందుగా నూహించును. 2.71828 అని ప్రారంభమగు సంఖ్యకు ఇ యను అక్షరమును వాడుకలోనికి తెచ్చినది ఆయనయే. ఆ సంఖ్యను కాలముతో కూడిన ఘాతమునకు ఎత్తినచో వచ్చు ప్రమేయమున కొక వింత గుణము కలదు. దాని మార్పు వేగమును కట్టినను, మఱల అదే ప్రమేయము ఒక గుణకముతో తిరిగి వచ్చును. కావున ఊహించిన రూపమును సమీకరణమున ప్రతిక్షేపించినచో, మార్పులన్నియు తొలగిపోయి, సాధారణ బీజగణిత సమీకరణ మొకటి మిగులును. దానిని సాధించినచో ఘాతము తెలియును. ఊహించుట తప్పు కాదు. ఊహించిన దానిని సమీకరణమున వేసి పరీక్షింపక నమ్ముటయే తప్పు. ఈ పద్ధతి 1743లో ప్రకటింపబడెను. నేటికిని కళాశాలలలో విద్యార్థులు దీనినే నేర్చుకొనుచున్నారు.

ఈ నడుమనే, 1738లో, జబ్బుపడి ఆయిలరు కుడికన్ను చూపును కోల్పోయెను. ఒంటికంటితోనే 1740 అక్టోబరు 18వ తేదీన బాజెలులో నున్న వృద్ధగురువగు యోహాన్ బెర్నూలీకి ఆయన యొక లేఖ వ్రాసెను. పూర్వము శనివారము మధ్యాహ్నములందు సందేహములు తెచ్చిన శిష్యుడు ఈ పర్యాయము తెచ్చినది గణితశాస్త్రమునే కదల్చు నొక సత్యము. అందలి సారమును నేటి రీతిలో విడమరచి చెప్పుదుము.

అటునిటు నూగుచున్న వస్తు వొకటి కలదనుకొనుడు. నడిమి స్థానము నుండి అది యెంత దూరమున నున్నదో, దాని త్వరణము అంతియే పరిమాణము గలదై వ్యతిరేక దిక్కున నుండునట. అనగా త్వరణమునకు దూరమును కూడినచో ఎల్లప్పుడును సున్న రావలయును. ఇది సమీకరణము. మొదటి క్షణమున దూరము 2, వేగము సున్న. ఇవి రెండు ఆదినియమములు. ఇట్టి లెక్కకు ఆయిలరు రెండు జవాబులను చూపెను.

మొదటి జవాబు కాలముయొక్క కోసైనునకు రెట్టింపు. దీనిని పరీక్షింతము. కోసైను మార్పు వేగము ఋణ సైను; సైను మార్పు వేగము కోసైను. కావున మన వస్తువు వేగము సైనునకు ఋణ రెట్టింపు. త్వరణము కోసైనునకు ఋణ రెట్టింపు. దీనికి దూరమును, అనగా కోసైను రెట్టింపును, కూడినచో సున్న వచ్చినది. సమీకరణము ఒప్పుకొనెను. మొదటి క్షణమున కోసైను విలువ 1 గనుక దూరము 2. సైను విలువ సున్న గనుక వేగము సున్న. ఆదినియమములు రెండును ఒప్పుకొనెను.

రెండవ జవాబు వింతయైనది. ఋణ 1 యొక్క వర్గమూలమును కాలముచే గుణించి, ఇ యను సంఖ్యను ఆ ఘాతమున కెత్తవలయును. మఱల దానికి ఋణమైన ఘాతమునకు కూడ నెత్తి, రెంటిని కూడవలయును. ఋణ సంఖ్యకు వర్గమూల మెక్కడిదని నాటివారు శంకించుచుండిన కాలమది. అయినను పరీక్ష పరీక్షయే. ఒకమాఱు వేగమును కట్టినచో మొదటి పదము ఆ వర్గమూలముచేతను, రెండవ పదము దాని ఋణముచేతను గుణింపబడును. రెండవమాఱు కట్టినచో రెండు పదములును ఆ వర్గమూలముయొక్క వర్గముచే, అనగా ఋణ 1చే, గుణింపబడును. కావున త్వరణము దూరమునకు సరిగా ఋణము. రెంటిని కూడిన సున్న. సమీకరణము ఒప్పుకొనెను. మొదటి క్షణమున ఘాతము సున్న గనుక ఒక్కొక్క పదము 1, మొత్తము 2. వేగమునందు ఆ వర్గమూలమును దాని ఋణమును ఒకదాని నొకటి కొట్టివేయును, వేగము సున్న. ఆదినియమములును ఒప్పుకొనెను.

ఒకే సమీకరణమునకు, ఒకే ఆదినియమములకు, రెండు జవాబులును సరిపోయినవి. ఇట్టి లెక్కను శ్రేణిరూపమున సాధించినచో ఆదినియమములు మొదటి రెండు పదములను నిర్ణయించును. సమీకరణము తక్కిన పదముల నన్నిటిని ఒకదాని వెనుక నొకటిగ నిర్ణయించును. రెండవ జవాబున కిక తావేది? కావున రెండు ముఖములతో కనబడిన ఆ జవాబులు నిజముగ నొక్కటియే. వృత్తమును కొలుచు కోసైనును, వడ్డీవలె పెరుగు ఘాతప్రమేయమును, ఎన్నడును చుట్టఱికము లేనివిగా తోచినవి, ఒక్క పరీక్షచే తోబుట్టువులని తేలెను. జవాబును సరిచూచుట చేసిన తప్పును పట్టుటకు మాత్రమే కాక క్రొత్త సత్యమును పట్టుటకును పనికివచ్చునని ఈ లేఖ లోకమునకు చూపినది. ఎట్టి సమీకరణములకు ఆదినియమములు ఒకే జవాబు నిచ్చునో దానిని సామాన్యముగా నిరూపించు భారమును 19వ శతాబ్దమున కోషీ, లిప్‌షిట్జ్ మొదలగువారు వహించిరి.

మా విద్యార్థులకు ఒక్క హెచ్చరిక. కోసైను రెట్టింపునకు సైనును కూడి దానినే జవాబని యెవడైన తెచ్చినచో నేమగును? సమీకరణము ఒప్పుకొనును. మొదటి క్షణమున దూరము 2 అని మొదటి నియమమును ఒప్పుకొనును. కాని వేగము సున్న కాక 1 అగును. మూడింట రెండు పరీక్షలు నెగ్గినను ఆ జవాబు తప్పే. రెండింటితో తృప్తిపడి కలమును క్రింద పెట్టువాడు మా తొట్టి లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనవలయును.

1741లో ప్రష్యా రాజగు రెండవ ఫ్రెడరికు పిలుపుపై ఆయిలరు బెర్లిను నగరమునకు పోయి, ఇరువదియైదేండ్లు అచ్చట నుండెను. 1748లో అనంతరాశుల విశ్లేషణమును గూర్చియు, 1755లో చలనకలనమును గూర్చియు మహాగ్రంథములను ప్రకటించెను. ఆ రాజునకు చమత్కార సంభాషణమన్న మక్కువ. ఆయిలరు మితభాషి, నిరాడంబరుడు. ఇంట ప్రతి సాయంకాలమును కుటుంబమును కూర్చుండబెట్టుకొని ప్రార్థన చేయువాడు. విశ్వాసమును పరిహసించుట నాగరికతగా చెల్లుచుండిన ఆ కొలువున నుండియే, 1747లో దైవప్రకటనను సమర్థించుచు నొక చిన్న పుస్తకమును ప్రకటించెను. రాజు ఆయన ఒంటికంటిని కూడ పరిహసించెను. ఆయిలరు ప్రతిపరిహాసము చేయక తన పని తాను చేసికొనుచుండెను. 1766లో రష్యా మహారాణి రెండవ కాథరైను పిలువగా తిరిగి పీటర్సుబర్గు చేరెను.

అప్పటినుండి ఆయనకు గొప్ప శోధనలు ప్రారంభమయ్యెను. మిగిలిన కంట శుక్లము కమ్మెను. 1771లో శస్త్రచికిత్స చేయగా చూపు వచ్చెను గాని, కొలది దినములకే కంటికి చీము పట్టి మఱల చీకటి కమ్మెను. ఆ సంవత్సరముననే నగరమున అగ్నిప్రమాదము కలిగి ఆయన యిల్లు దగ్ధమయ్యెను. బాజెలు నుండి వచ్చియుండిన పీటర్ గ్రిమ్ అను స్వదేశీయుడు మంటలలో జొచ్చి గ్రుడ్డియైన ఆయనను భుజములపై మోసికొని వచ్చెను. 1773లో భార్య కాథరీనా చనిపోయెను.

జవాబును కంటితో సరిచూచుకొనుటకు కన్ను లేదు. వ్రాసిన పంక్తిని మఱల చదువుటకు వీలు లేదు. ఇక గణిత మెట్లు? ఆయిలరు పని నిలుపలేదు సరికదా, ఆయన రచనలలో నించుమించు సగము ఈ కడపటి కాలమునకే చెందినవి. 1768 నుండి 1770 వఱకు సమాకలన గణితమును గూర్చిన మూడు సంపుటముల గ్రంథము వెలువడెను. అవకలన సమీకరణములకు సూత్రరూపమైన జవాబు దొరకనప్పుడు, ఆదినియమము నుండి బయలుదేఱి చిన్న చిన్న యడుగులతో జవాబును సమీపించు పద్ధతి అందులోనే కలదు. నేటికిని దానికి ఆయిలరు పద్ధతియని పేరు. బీజగణిత గ్రంథమును ఆయన ఒక కుట్టుపనివానికి నోట చెప్పి వ్రాయించెను. ఆ లేఖకునికి ముందు గణితము తెలియకపోయినను, వ్రాయుచు వ్రాయుచు తానే లెక్కలు చేయ నేర్చెనని చెప్పుదురు. కుమారుడు యోహాన్ ఆల్‌బ్రెఖ్టు, శిష్యులు లెక్సెల్, ఫుస్ మొదలగువారు ఆయనకు కన్నులైరి.

ఆయన జ్ఞాపకశక్తి యద్భుతమైనది. వర్జిలు మహాకవి రచించిన ఈనియడు కావ్యము మొదటినుండి తుదివఱకు కంఠస్థము. తన యొద్ద నున్న ప్రతిలో ఏ పుట ఏ పంక్తితో ప్రారంభమై ఏ పంక్తితో ముగియునో కూడ చెప్పగలిగినవాడు. ఆయన మరణానంతరము వ్రాయబడిన స్మారక వ్యాసమున నొక కథ చెప్పబడినది. ఇద్దఱు శిష్యులు ఒక శ్రేణిలోని పదునేడు పదములను కూడగా, ఏబదియవ అంకెలో ఇద్దఱి జవాబులకును ఒక్క యెక్కువతక్కువ వచ్చినదట. ఎవరిది సరియో తేల్చుటకు ఆయిలరు ఆ లెక్కనంతయు మనస్సులోనే మఱల చేసి తప్పును కనిపెట్టెనట. గ్రుడ్డివాడు గదా, శిష్యులు చెప్పినదానిని నమ్మి యూరకుండినచో నెవరు నిందింతురు? ఏబదియవ అంకె తప్పినచో ఎవరికి నష్టము? అయినను ఆయన సరిచూడక విడువలేదు.

ఇంతటివానికిని పొరపాటు లేకపోలేదు. 1782లో ప్రకటితమైన యొక వ్యాసమున, సంఖ్యల చతురస్రముల కూర్పును గూర్చి ఆయన యొక యభిప్రాయమును తెలిపెను. నాలుగుచే భాగించిన రెండు మిగులు సంఖ్యలు వేటికిని అట్టి కూర్పు సాధ్యము కాదని ఆయన తలంచెను. నిరూపణము దొరకనందున దానిని సిద్ధాంతమని కాక, యూహగనే విడిచెను. 1959లో మన దేశీయులగు బోసు, శ్రీఖండేలు అది తప్పని ఇరువదిరెండు సంఖ్య విషయమున చూపిరి. పార్కరుతో కలిసి, 1960లో, రెండును ఆఱును తప్ప తక్కిన యట్టి సంఖ్య లన్నిటికిని కూర్పు సాధ్యమని నిరూపించిరి. ఆయిలరు కీర్తికి దీనివలన లోపము లేదు. ఊహకును నిరూపణమునకును నడుమ గీత గీచి యుంచినవాని యూహ తప్పినను అతని సత్యసంధత తప్పదు.

1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీ. ఆయిలరున కప్పుడు 76 ఏండ్లు. ఉదయమున మనుమలలో నొకరికి లెక్కల పాఠము చెప్పెను. ఆ యేడే ఫ్రాన్సు దేశమున పొగగుమ్మటములు ఆకాశమున కెగిరినవి. వాని చలనమును గూర్చి పలకపై లెక్క వేసెను. రెండేండ్లకు పూర్వము కనుగొనబడిన యురేనసు గ్రహముయొక్క కక్ష్యను గూర్చి లెక్సెల్, ఫుస్‌లతో ముచ్చటించెను. సాయంకాలమున మెదడులో రక్తనాళము చిట్లి స్పృహ తప్పెను; ఆ రాత్రియే ప్రాణము విడిచెను. ఆయన రచనలు ఎనిమిదివందలకు పైబడినవి. వానిని సమగ్రముగా ముద్రించు పని 1911లో ప్రారంభమై శతాబ్దమునకు పైగా సాగినది. సంపుటములు ఎనుబదికి మించినవి.

విద్యార్థులారా, మీలో నందఱును ఆయిలరులు కాలేరు. ఆయన జ్ఞాపకశక్తి యెవరికో గాని దొరకదు. కాని ఆయన అలవాటు మీలో ప్రతివానికిని దొరకును. లెక్క ముగిసినంతనే కడపటి పుటలు త్రిప్పక, వచ్చిన జవాబును ప్రశ్నలోనే మఱల పెట్టి చూడుడు. నియమము ఒప్పుకొనినదా? మొదటి స్థితి ఒప్పుకొనినదా? రెండును ఒప్పుకొనినచో ఇక పుస్తకముతో గాని, ప్రక్కవానితో గాని, తుదకు గురువుతో గాని పనిలేదు. గురువే నల్లబల్లపై తప్పు వ్రాసినను వినయముతో లేచి నిలిచి యడుగుడు. ఆనాడు వెనుక బల్లనుండి లేచిన ఆ బాలునికి మేము నేటికిని ఋణపడియున్నాము.